ఓట్ల యంత్రం మీద కంకర కంపెనీ పేరు

ఆర్లిస్ టోలెఫ్సన్ ఆ ఊరికి ఇరవై రెండేళ్ళుగా క్లర్కు. క్లర్కంటే అక్కడ పెద్ద కొలువేం కాదు. కుక్కలకు లైసెన్సులు రాయడం, శ్మశానంలో ఎవరి జాగా ఎక్కడో చూపించడం, ఎన్నికలొస్తే జరిపించడం. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు చీజ్ ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసింది. మోకాళ్ళు అక్కడే అరిగాయి. నోరు మాత్రం అరగలేదు.

మంచు తోసే లారీ నిలిపే షెడ్డుకు ఆనుకుని ఉన్న గదే టౌన్ హాలు. అందులోని ఓట్లు లెక్కించే యంత్రం ముసలిదైపోయింది. గాలిలో కాస్త చెమ్మ ఉంటే చాలు, కాగితాన్ని నమిలి బయటికి కక్కేది. కొత్తది కొనమని ఆర్లిస్ నాలుగేళ్ళు బతిమాలింది. ఊరి ఛైర్మన్ డ్వేన్ కుబిచెక్‌ది ప్రతిసారీ ఒకటే పాట: "రోడ్ల గుంతలు పూడ్చాక చూద్దాంలే."

చివరికి మెర్ల్ హాగ్‌స్టాడ్ కొనిస్తానన్నాడు. ఊరవతల కంకర క్వారీ అతనిదే. ఊరి బోర్డు సభ్యులు చప్పట్లు కొట్టారు. ఊరి తరఫున ధన్యవాదాల ఉత్తరం ఆర్లిసే రాసింది, ఒకటికి రెండుసార్లు దిద్ది మరీ.

యంత్రం వచ్చింది. దాని నుదుటి మీద అరచేయంత ఇత్తడి పలక: 'హాగ్‌స్టాడ్ స్టోన్ వారి కానుక.' ఓటు కాగితం దూర్చే చీలిక సరిగ్గా దాని కిందే. ఆ ఏప్రిల్లో ఊరివాళ్ళు ఓటేసి తేల్చాల్సిన ప్రశ్నేమో, క్వారీని వాగుదాకా పెంచుకోనివ్వాలా వద్దా అని!

"పలక తీసేద్దాం డ్వేన్, సిగ్గుగా ఉంది," అంది ఆర్లిస్.

"ఇచ్చినవాడి పేరుంటే నీకేం పోయింది? చర్చిలో బల్లల మీద లేవూ పేర్లు?"

"చర్చిలో దేవుడు ఓట్లకి నిలబడట్లేదుగా!"

పోలింగు రోజు పొద్దున్నే ఆమె పలక మీద కాగితం అంటించింది. పదింటికల్లా డ్వేన్ వచ్చి పీకేశాడు. పాడి రైతు వెర్లిన్ జాస్ట్రో ఓటేయబోతూ పలక చదివి, టోపీ తీసి దానికి వంగి దండం పెట్టాడు. వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆర్లిస్ మాత్రం తల వంచుకుని ఓటర్ల జాబితాలో తర్వాతి పేరు వెతికింది.

క్వారీ పంతొమ్మిది ఓట్ల తేడాతో నెగ్గింది. ఆమె మర్నాడు అందరి ముందూ కాగితాలన్నీ చేత్తో లెక్కపెట్టించింది. మళ్ళీ పంతొమ్మిదే. అయినా ఎవరు నమ్మారు గనక? ఇరవయ్యేళ్ళు చర్చిలో పక్కన నిలబడి పాడిన బెర్నిస్, కిరాణా కొట్లో ఎదురుపడి, "మెర్ల్ యంత్రం మెర్ల్‌ని కాక ఎవర్ని గెలిపిస్తుందిలే," అని మొహం తిప్పుకుంది. సరైన లెక్క కూడా కంపు కొట్టేలా చేశారు. ఆ కానుకకు ధన్యవాదాల ఉత్తరం తన దస్తూరీలోనే ఉందన్నది ఆర్లిస్‌కి మింగుడుపడలేదు.

ఆ శీతాకాలం, ఎన్నికలు జరిపే ఖర్చుకు బయటివాళ్ళ డబ్బు తీసుకోకూడదన్న బిల్లు మీద రాష్ట్ర రాజధానిలో విచారణ పెట్టారు. ఆమె నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వెళ్ళి సెనేటర్ల ముందు కూర్చుంది.

"ఆపేయండి సార్, ఒక్క పైసా రానివ్వకండి. కానీ ఆపినచోట మీరు ఇవ్వండి. మా ఊళ్ళో యంత్రానికి డబ్బుల్లేకే కదా మేం చెయ్యి చాచింది!"

మొదటి మాటకు చప్పట్లు మోగాయి. రెండోదానికి విచారణ నడుపుతున్న సెనేటరు గడియారం చూసుకుని, "మీ సమయం అయిపోయిందమ్మా," అన్నాడు. తర్వాత అతని ఎన్నికల ప్రకటనల్లో ఆర్లిస్ మొహం కనబడింది, 'ఒక్క పైసా రానివ్వకండి' అన్నంతవరకే.

చట్టం వచ్చింది, డబ్బు రాలేదు. మెర్ల్ యంత్రం వెనక్కి పోయింది; పాతదాన్ని అప్పటికే తుక్కుకు వేసేశారు. పోలింగు సిబ్బందికి చర్చి ఆడవాళ్ళు ఏటా పంపే సూపు కూడా బయటి కానుకే, వద్దంటూ పైనుంచి నోటీసు వచ్చింది. ఆ నవంబరు ఎన్నికల్లో ఐదుగురు ఆడవాళ్ళు ఇంటినుంచి తెచ్చుకున్న రొట్టెముక్కలు తింటూ ఓట్లు చేత్తో లెక్కపెట్టారు. ముగిసేసరికి రెండోరోజు మధ్యాహ్నమైంది.

మరుసటి ఏప్రిల్లో, ఊరి ఓటర్లంతా కూడే సభలో ఆర్లిస్ లేచి నిలబడింది. "ఇంటికి పదకొండు డాలర్లు పన్ను వేసుకుంటే ఎవరో వాడిందో కొత్తదో ఒక యంత్రం మనదే అవుతుంది. మన ఓట్లు లెక్కపెట్టుకోడానికి ఆ మాత్రం ఇవ్వలేమా?"

గొణుగుళ్ళు మొదలయ్యాయి. చేతులెత్తమన్నారు. వద్దన్నవి నలభై ఒకటి, సరేనన్నవి ముప్పై ఎనిమిది; పన్ను వీగిపోయింది. వద్దని ఎత్తిన చేతుల్లో అందరికంటే ముందు లేచింది మెర్ల్‌ది. కానుకంటే యంత్రం మొత్తం కొనిచ్చిన మనిషికి, పన్నంటే పదకొండు డాలర్లు బరువైపోయాయి.

ఆ శుక్రవారం సాయంత్రం ఆర్లిస్ ఊరి హోటల్లో చేపల వేపుడు తింటుంటే, పక్క బల్ల దగ్గరికి మెర్ల్ వచ్చి కూర్చున్నాడు. "ఏంటి ఆర్లిస్, ఇంకా కోపమేనా?"

"కోపం కాదు మెర్ల్, కంపరం," అని ఆమె తన పళ్ళెం తీసుకుని, బయట చలిలో ఉన్న బల్ల మీదికి వెళ్ళిపోయింది.