మొగుడి పిక్క మీద వేడి

అన్నేళ్లపాటు ఆ కొండ మీద ఒక్క వీపైనా కాలకుండా ఎలా నెట్టుకొచ్చారు ఆ మొగుడూ పెళ్లాలూ? ఎన్నిసార్లు ఆలోచించినా ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. అదృష్టమందామంటే, అంత ఓపికగల అదృష్టం ఎవరింట్లోనూ కాపురం చేయగా చూడలేదు.

ఆవిడను అందరూ కాపడం పెద్దమ్మ అనేవారు. రోడ్డు కింద లోయలోనే ఆగిపోయింది. పైకి ఏది రావాలన్నా మనిషి వీపు మీదే రావాలి: బియ్యం బస్తా, కిరోసిన్ డబ్బా, తలుపు చెక్క, నడవలేని అత్తగారు. కనుక అక్కడ నడుము సరిగ్గా ఉన్నవాడంటే పని ఎగ్గొడుతున్నవాడని లెక్క. నడుము పట్టేసినవాళ్లు గోడలు పట్టుకుంటూ వచ్చి, పెద్దమ్మ ముందుగదిలో బల్ల మీద బోర్లా పడుకునేవారు. వెనక వంటగదిలో ఆవిడ వావిలాకు, దంచిన శొంఠి, రాళ్లుప్పు పాత దుప్పటి గుడ్డలో మూట కట్టి, నూనె రాసిన ఇనప పెనం మీద అటూ ఇటూ దొర్లించేది. వేడెక్కాక తెచ్చి నడుము మీద అద్దేది. "నా చేతి కింద ఎవడి తోలూ ఊడలేదు" అనేది. ఆవిడకున్న గర్వమంతా ఆ ఒక్క మాటే.

ఆ పనిలో వేడి చూడాల్సింది అరచేయి. ఆ అరచేతులే మోసం చేశాయి. ఏళ్ల తరబడి పెనంతో చెలగాటమాడి అట్టకట్టుకుపోయి, చివరికి నిప్పును ముట్టుకున్నా గోడను ముట్టుకున్నా ఒకటే అయిపోయింది. సంగతి బయటికి పొక్కితే ఇక ఎవడు వీపు అప్పగిస్తాడు? అందుకని మొగుణ్ణి రంగంలోకి దింపింది.

ఆయన, పని అనే మాట వింటేనే ఆవులించే మనిషి. వంటగదిలో పీట మీద కూర్చుని పిక్క చాపడమే ఆయన ఉద్యోగం. తెర వెనక మూట ముందు ఆ పిక్క మీద పడేది. ఆయన తిట్టేవాడు. లెక్కంతా ఆ తిట్లలోనే ఉంది. ఊరికే మూలిగితే ఇంకా వేడెక్కాలి. "ఒరేయ్ బామ్మర్దీ!" అంటే సరిగ్గా సరిపోయింది. అత్తగారిని తలచుకుంటే కాసేపు ఆరనివ్వాలి. మామగారిదాకా పోతే మూట నీళ్లలో ముంచాల్సిందే.

మోకాళ్ల నొప్పులకు ఆయనకూ పెడుతున్నానని పెద్దమ్మ బయట చెప్పేది. బల్ల మీదివాళ్లు కిసుక్కున నవ్వుకునేవారు. ఇంత పిరికివాణ్ణి ఎక్కడా చూడలేదని ఊరు ఊరంతా ముద్ర వేసేసింది. ఆయన పట్టించుకోలేదు. కూర్చుని తినేవాడికి ఆ మాత్రం పేరు రాకుండా ఉంటుందా?

ఒకరోజు కలప మిల్లు మేస్త్రి వచ్చాడు. పెద్దమ్మకు మరిది వరస, నోటికి తాళం లేని మనిషి.

"ఇన్నేళ్లుగా అన్నయ్యను కాల్చుకు తింటున్నావు కదా వదినా, ఇంకా ఉడకలేదా?" అన్నాడు బల్ల ఎక్కుతూ.

"ముదిరిన సరుకయ్యా, అంత తొందరగా ఉడకదు!"

పొట్ట పట్టుకుని నవ్వుకుంటూ ఆవిడ తెర వెనక్కి వెళ్లింది. మూట పిక్క మీద పెట్టింది. "ఒరేయ్ బామ్మర్దీ!" వినిపించింది. సరిపోయిందనుకుని తెచ్చి మేస్త్రి నడుము మీద నొక్కింది.

అతను బల్ల మీంచి ఎగిరిన ఎగురు చూస్తే నడుం నొప్పి మనిషని ఎవరూ అనరు. "చంపేశావు వదినో! వీపనుకున్నావా, పెనమనుకున్నావా?"

అప్పటికే బొబ్బ ఉబ్బుతోంది. ఆవిడ తడిగుడ్డ వేసి, బతిమాలి, ఇంటికి పంపింది. తర్వాత వంటగదిలోకి వచ్చి, మూటను మళ్లీ కాల్చి, పెనం మీంచి తీసింది తీసినట్టే మొగుడి పిక్క మీద పెట్టింది.

ఆయన కిటికీలోంచి పక్కింటి మేకను చూస్తున్నాడు. ఉలుకూ పలుకూ లేదు. కాసేపటికి తల తిప్పాడు. మూటను చూశాడు, ఆవిడ మొహం చూశాడు, "ఓరి మామా!" అని గొంతు చించుకున్నాడు.

"ఇప్పుడెందుకులే. ఎప్పట్నుంచి?"

"ఏది?"

"ఆ కాలు చచ్చి."

"ఏమోనే. చెప్పి చచ్చిందా, తారీఖు గుర్తుండటానికి?"

"మరి ఇన్నాళ్లూ ఎట్లా చెప్పావయ్యా?"

"నీ మొహం చూసి. నువ్వు కంగారుగా వస్తే మామగారు, నీరసంగా వస్తే మూలుగు, ధీమాగా వస్తే బామ్మర్ది. ఇవాళ నవ్వుతూ వచ్చావు. నన్నేం చేయమంటావు?"

"నా చేతికి తెలీకే కదా నిన్ను కూర్చోబెట్టింది!"

"నాకూ తెలీదంటే లేచి ఏదైనా పని చూసుకోమంటావని చెప్పలేదు."

తిట్టడానికి కూడా ఆవిడకు ఓపిక లేకపోయింది. తన చేతి కింద తోలు ఊడింది. ఆ పూటే తలుపు మూసేసి, వచ్చినవాళ్లందరినీ ఒంట్లో బాగాలేదని తిప్పి పంపడం మొదలుపెట్టింది.

బొబ్బ పక్కుకట్టాక మేస్త్రి మళ్లీ వచ్చాడు, సగం మిల్లును వెంటేసుకుని. తన్నడానికే వచ్చారనుకుంది. అతను చొక్కా ఎత్తి మచ్చ చూపించాడు.

"నొప్పి ఎగిరిపోయింది వదినా! ఇన్నాళ్లూ నులివెచ్చగా అద్ది మమ్మల్ని మభ్యపెట్టావు. అసలు మందు ఇదీ!"

పెద్దమ్మ ఉన్నదున్నట్టు చెప్పేసింది. "మందు కాదు నాయనా, పొరపాటు. నా చేతులకు వేడి తెలీదు. ఈయన కాలికీ తెలీదు. ఆ మంటలో నువ్వు నొప్పి మరిచిపోయావంతే."

అందరూ గొల్లున నవ్వారు.

"మరిది వరసకైతే ఒక వేడి, మాకైతే ఇంకో వేడా?" అని ఒక మోత కూలీ దెప్పాడు.

"బొబ్బ లేచేదాకా ఇక్కణ్ణుంచి కదిలేది లేదు," అంటూ అతని పెళ్లాం బల్ల ఎక్కి కూర్చుంది.

పెద్దమ్మ వంటగదిలోకి తప్పుకుంది. ఈలోగా మొగుడు ముందుగదిలోకి వచ్చి, నల్లబడ్డ పిక్కను స్టూలు మీద పెట్టి చూపిస్తున్నాడు. నిన్నటిదాకా పిరికివాడన్నవాళ్లే వంగి వంగి చూస్తున్నారు. బుద్ధెరిగాక ఆయనకు దక్కిన మొదటి మర్యాద అది.

"కానీవే, ఎంతసేపు నిలబెడతావు వాళ్లను?" అన్నాడు తెర సందులోంచి. "కాస్త గట్టిగానే కాల్చు. వాళ్లే అడుగుతుంటే నీకేం పోయింది?"

ఆవిడ పొయ్యిలో నీళ్లు పోసింది. బుస్సుమని పొగ లేచింది. మూట సిద్ధమవుతోందనుకుని ముందుగదిలో జనం సర్దుకు కూర్చున్నారు. ఎవరు ముందన్న దాని మీద చిన్న కొట్లాట కూడా అయింది. ఆ గోలలో వెనక తలుపు చప్పుడు ఎవరికీ వినపడలేదు.

లోయకు దిగే మలుపులో పాలవాడు ఎదురయ్యాడు. "ఎక్కడికి పెద్దమ్మా, ఇంటినిండా జనాన్ని పెట్టుకుని?"

"ఆకులు కోసుకురావాలిరా," అంది ఆగకుండా.

చంకలో సంచి ఉంది. అందులో మడతపెట్టిన బట్టలున్నాయి.