పళ్లెంలో నా వైపు

నాలుగో తరగతితో నేను చదువు మానేశాను. చదువే నన్ను మానేసిందని మా అమ్మ అనేది. ఎవరు ఎవరిని మానేసినా, ఆ తరువాత నేను నేర్చుకున్నదంతా గుర్రాల దగ్గరే. పోలీసు చర్య అయిపోయిన కొత్తలో, సికింద్రాబాద్ స్టేషన్ వెనక ఒక సిద్దీ చాచా తబేలాలో టాంగా తోలే పనికి కుదిరాను.

చాచా తాత ఆఫ్రికా నుంచి నిజాం కొలువుకు వచ్చిన సిద్దీ ముసల్మాను. అప్పటి నుంచి మూడు తరాలు గుర్రపు దళంలోనే పనిచేశాయి. నిజాం రాజ్యం పోయాక దళంలో చాచా పనీ పోయింది. గుర్రం తప్ప తనకేమీ తెలియదని ఐదు టాంగాలు కొని అడ్డా పెట్టుకున్నాడు.

తోలేవాళ్లం ఐదుగురం. నేను తప్ప అందరూ ఆయన మనుషులే. ఒకడు మేనల్లుడు. మిగతా ముగ్గురు ఏమవుతారో ఆయనకూ సరిగా తెలియదు. అడిగితే, "తాతలు ఒక్క ఓడల వచ్చిన్రు" అనేవాడు.

"మా తాత ఓడెక్కలే చాచా. మరి నేనేమైత నీకు?"

"నువ్వు గుర్రాలకు చుట్టానివి బేటా. గడ్డి దిక్కు కూసో."

మధ్యాహ్నం అన్నం వేళకు టాంగాలన్నీ తబేలాకు రావాల్సిందే, సవారీ ఎదురుగా నిలబడి పిలిచినా సరే. సరిగ్గా మద్రాసు బండి వచ్చే వేళ అది. పక్క అడ్డావాళ్లు మా ఆకలి చల్లగా ఉండాలని మొక్కుకునేవారు. పెద్ద రాగి పళ్లెంలో అన్నం కుప్పపోసి, నడుమ కూర పోసి, చుట్టూ కూర్చుని ఎవరి వైపు వాళ్లు తినేవారు. ఆఖరివాడు తినడం అయ్యేదాకా ఒక్కరూ లేవకూడదు. ఇంకొక నియమం కూడా ఉంది. ఆ పళ్లెంలో చేయి పెట్టినవాడిని పనిలోంచి తీయరాదు. చాచా దీన్నంతా 'దస్తూర్' అనేవాడు. వాళ్ల పెద్దల నాటి ఆచారమట.

నేను మాత్రం గోడ పక్కన కూర్చుని, మూటలో తెచ్చుకున్న జొన్నరొట్టె తినేవాణ్ని. వాళ్ల పళ్లెంలో తినొద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది. వాళ్లూ ఏనాడూ బలవంతం చేయలేదు.

ఊళ్లో రజాకార్ల నాటి భయం ఇంకా పోలేదు. రైలు దిగినవాళ్లు గుర్రాన్ని చూడటం మాని తోలేవాడి ముఖం చూసేవారు. చాచా మనుషులను చూస్తే చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి కూడా మారేడ్‌పల్లి దాకా నడిచే వెళ్లేది. ఎక్కితే నా టాంగా ఎక్కేవారు. చాచాను ఎరిగిన పాత ఇళ్లవాళ్లు ఒకరొకరే కరాచీ వెళ్లిపోయారు. ఏడాది తిరక్కుండా రెండు టాంగాలు అమ్ముడుపోయాయి.

గడ్డి అమ్మే సేఠ్ చాచా మేలు కోరేవాడే. నన్నొక్కణ్ని ఉంచుకుని మిగతావాళ్లను పంపేస్తే తబేలా నిలబడుతుందని చెప్పాడు. ఆ సాయంత్రమే మేనల్లుడు ఇంకో లెక్క చెప్పాడు. గుర్రానికి మాలిష్ చేస్తున్న నాకు అంతా వినిపించింది.

"గాడు మన పళ్లెంల తినలే మామూ. గాన్ని పంపితే దస్తూర్ తప్పదు."

చాచా లేచి గుర్రాలకు నీళ్లు పెట్టడానికి వెళ్లాడు. నేను మాలిష్ చేసిన కాలికే మళ్లీ చేస్తున్నాను. ఆ పని పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

మరునాడు మధ్యాహ్నం మూట విప్పబోతుంటే చాచా పిలిచాడు. పళ్లెం చుట్టూ ఒక మనిషి పట్టేంత చోటు వదిలారు. వారాల తరబడి పప్పుతో సరిపెట్టుకుంటున్నవాళ్లు ఆ రోజు కూర వండారు.

"మేకదే. నీ కోసమే చెప్పిన," అన్నాడు. "కూసో బేటా. చెయ్యి పెట్టు."

ఎందుకు పెట్టమంటున్నాడో నాకు తెలుసు. మేనల్లుడికీ తెలుసు. వాడే కాస్త పక్కకు జరిగి, నా ముందుకు ఒక ముక్క తోశాడు.

ఇంటికి వెళ్లాక అమ్మ నా చేయి వాసన చూసింది.

"పళ్లెంల హిందువుల దిక్కే తిన్ననే," అన్నాను.

అమ్మ నా చేతి మీద చెంబుడు నీళ్లు పోసింది. తరువాత, ఉప్పూ కారం సరిపోయాయా అని అడిగింది.

సేఠ్ లెక్క తప్పేమీ కాదు. అందరి పొట్టలను ఒక్క నా టాంగాయే లాగింది. ఆ సంగతి గుర్రానికి ఎవరూ చెప్పలేదు కాని, దానికి డొక్కల్లో తెలిసింది. వానాకాలం వెళ్లేసరికి అదొక్కటే మిగిలింది. బోయిన్‌పల్లి నుంచి ఒకాయన వచ్చి దాన్ని బేరం చేసుకున్నాడు.

ఆయన గుర్రాన్ని తోలుకుపోవడానికి వచ్చిన రోజు కూడా మేం అన్నానికి కూర్చున్నాం. పప్పూ అన్నమే. ఆయన పగ్గం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఏందిరా, నోరు పడిపాయెనా?" అన్నాడు చాచా నాతో. "ఎప్పటి లెక్క ఏమన్న అను."

నేను కలిపిన అన్నాన్నే మళ్లీ కలిపాను.

ఒక్కొక్కరే తినడం ముగించి, చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు. నా వైపు అన్నం అలాగే ఉంది. గుమ్మం దగ్గరి మనిషి దగ్గాడు. చాచా అటు చూడలేదు.

"నిమ్మలంగ తిను బేటా," అన్నాడు. "నువ్వు తిన్నంకనే లేస్తం."

నేను మెతుకు మెతుకూ ఏరుకుని తిన్నాను.