ముందటామె ఫోటో

నిజాం జమానాలో కామారెడ్డిలో రైలు దిగి, ఎల్లారెడ్డికి ఎడ్లబండిలో పోతూ మంచినీళ్ల కోసం దారిలో ఒక పటేలు ఇంటికి వెళ్లాను. పటేలు భార్య దగ్గుతూనే, గోడమీది ఒక స్త్రీ ఫోటోకు బొట్టు పెడుతోంది.

"ఎవరమ్మా ఆవిడ?"

"మా ఆయనకు నాకన్న ముందటామె, అక్కా. కాలం జేసింది. దినాం ఈమెకు మొక్కినంకనే నేను బువ్వ తినాలె."

"పేరు?"

"నాకు ఎవలు చెప్పలే."

చెంబు అందిస్తూ మళ్లీ దగ్గింది. మందు వాడుతున్నావా అని అడిగాను.

"మొన్న మా ఆయన కామారెడ్డి తోల్కపోయిండు. హకీము దగ్గరికే అనుకున్న. నా ఫోటో దింపిచ్చి తోల్కొచ్చిండు."

"ఫోటో ఎందుకు?"

"మల్ల వచ్చేటామె దేనికి మొక్కాలె?"

పాత ఫోటో పక్కన గోడకు కొట్టిన కొత్త మేకు చూపించింది. ఆ ఇంట్లో మందుకు లేని తొందర మేకుకు ఉంది.