కృష్ణలో పడ్డ స్వీడన్ లారీ

నా నోటి పుణ్యమా అని సోమశిల రేవులో ఏడుగురు మనుషులు కట్టుబట్టలతో కృష్ణలోకి దూకారు. చెప్పుకుంటే గానీ పోయే పాపం కాదది. వినండి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. కొత్తకోటలో సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మోగుతున్న రోజులు. హైవే పక్కన టైర్ల దుకాణంలో కూర్చుని, వెళ్లే ప్రతి లారీ వెంట మనసులోనే సగం దేశం తిరిగొచ్చేవాణ్ణి. మా నర్సింహ మామ సౌదీలో ఏళ్ల తరబడి స్వీడన్ దేశపు లారీ నడిపి వచ్చాడు. వచ్చేటప్పుడు అక్కడి యజమాని అచ్చం ఆ బండిలాంటి చిన్న బొమ్మను చేతిలో పెట్టాడట. పొడవు జానెడున్నర. పొడుచుకొచ్చిన పాతకాలపు ముక్కు, ఎర్ర రంగు. బానెట్ ఎత్తితే ఇంజను, స్టీరింగ్ తిప్పితే తిరిగే ముందు చక్రాలు! పక్క అద్దాలైతే బియ్యపు గింజలంత.

కొత్త బండికి చేయించినట్టే దానికీ పూజ చేయిస్తానని మామ సోమశిలకు బయలుదేరాడు, నన్ను వెంటబెట్టుకుని. స్నానానికి దిగుతూ దాన్ని నా ఒళ్లో పెట్టాడు.

"జర పైలంర. కిందబెట్టకు."

కింద పెట్టలేదండీ. రేవుకు కట్టిన పడవలో కూర్చుని, బొమ్మను పడవ అంచు మీద పెట్టాను. ఆ గింజంత అద్దంలో కృష్ణమ్మంతా మెరుస్తోంది. కళ్లు సగం మూస్తే ఆ పడవ అంచే రోడ్డు, అవతలి నల్లమల కొండలే స్వీడన్. సన్నగా మంచు కురుస్తోంది. స్టీరింగ్ నా చేతిలోనే ఉంది. నెమ్మదిగా మలుపు తిప్పాను...

పడవ ఊగింది. బుడుంగు!

"అయ్యో! మా మామ లారీ నీళ్లల్ల పడ్డది!"

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు తెరిస్తే ఊరు ఊరంతా నీళ్లలోకి దూకింది.

"యాడ పడ్డదిర?" ఒక జాలరి కేకేశాడు.

"గీడనే! పడవ పక్కకే!"

"లోపట మనుషులున్నరా?"

"లేరు!"

"లోడో?"

"ఖాళీదే!"

"ఎన్ని టైర్ల బండి?"

"పది!" అన్నాను. అబద్ధమా చెప్పండి?

ఎవరో తాళ్లు తెమ్మన్నారు. ఇంకెవరో ట్రాక్టర్ కోసం పరుగెత్తారు. ఒక పెద్దమ్మ శోకాలు మొదలుపెట్టింది. ఇంతలో జాలరి నీళ్లలోంచి లేచాడు. ఒక్క చేత్తో లారీని పైకెత్తాడు.

"గిదేనా?"

"గదే."

నీళ్లలోని తలలన్నీ నా వైపు తిరిగాయి. తిట్టినా బాగుండేది. తడి పంచెతో మామ పరుగెత్తుకొచ్చాడు. లారీ తీసుకుని మెట్టు మీద కూర్చుని, గోటితో తలుపు తెరిచాడు. జారిన నీళ్లతోపాటు గోరంత చేపపిల్ల ఒకటి బయటపడి, మెట్టు మీద మిలమిలా ఎగిరి నదిలోకి వెళ్లిపోయింది. అది వెళ్లిన దిక్కే చాలాసేపు చూశాడు మామ.

"ఓరి, క్లీనర్‌ను గుడ ఎక్కించినవార?" అన్నాడు.

అప్పుడు నవ్వింది రేవు!

తడిసిన ఆ ఏడుగురి సాక్షిగా ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను: నా ప్రాణం ఉన్నంతవరకు ఏ బండి నీళ్లలో పడ్డా సరే, ముందు దాని పొడవు చెప్పి, ఆ తర్వాతే ఏడుస్తాను.