కూత తెగిన పిల్ల

పుష్పకుమారి కుర్చీలో కూర్చోగా చూసినవాళ్లు ముత్తుకూరులో తక్కువ. ఆమె పనిచేసే ప్రైవేటు హైస్కూలు స్టాఫ్ రూములో ఆమెకూ ఒక కుర్చీ ఉంది కానీ, దాని మీద ఎప్పుడూ ఎవరివో బ్యాగులుంటాయి. ఆమె మెడలో విజిలు వేసుకుని గ్రౌండులోనో వరండాలోనో తిరుగుతుంటుంది. ఫోను మాట్లాడినా నడుస్తూనే, టీ తాగినా నడుస్తూనే.

గూడూరు అవతల నిమ్మతోటల పల్లె ఆమెది. అన్నల వెంటపడి కబడ్డీ నేర్చుకుని రాష్ట్ర జట్టు దాకా వెళ్లింది. మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయాక ఆటల టీచరయ్యేందుకు బీపీఈడీ చదివి, థర్మల్ ప్లాంటులో షిఫ్టు ఉద్యోగి పెంచలప్రసాద్‌ను పెళ్లి చేసుకుని ఈ ఊరు వచ్చింది. బడిలో ఆడపిల్లలకు కబడ్డీ మొదలుపెడతానన్నప్పుడు చాలామంది తల్లిదండ్రులు ముఖం చిట్లించారు. ఆమె ఇంటింటికీ వెళ్లి ఒప్పించుకుంది. అలా ఒప్పుకున్న వాళ్లలో లిల్లీ మొదటిది. లిల్లీ రొయ్యల కంపెనీలో తొక్క తీసే పనికి వెళ్తుంది. భర్త జకరయ్య పోర్టు లారీకి డ్రైవరు, వాళ్ల చర్చిలో సంఘపెద్ద. "నా బిడ్డ ఇంట్లో కుదురుగా ఉండదు మేడం, మీ కాడన్నా అలిసిపోయి వస్తాది" అని కూతురు మెర్లిన్‌ను చేతికప్పగించింది.

మెర్లిన్ ఊపిరి అలాంటిలాంటిది కాదు. అవతలి జట్టులోకి దూరి "కబడ్డీ కబడ్డీ" అని కూత పెడితే, పట్టుకోవాల్సిన పిల్లలకే ఆయాసం వచ్చేది కానీ ఆమె కూత సన్నబడేది కాదు. పదో తరగతికి వచ్చేసరికి ఈసారి జిల్లా జట్టులో ఆ పిల్ల ఖాయమని పుష్పకుమారి అందరికీ చెప్పుకుంది.

నెల్లూరులో సెలెక్షన్ ఆటల రోజున ఆ కూత తెగింది. మెర్లిన్ బోనస్ గీత దాటి, ఒక పిల్లను తాకి వెనక్కి తిరుగుతుండగా, ఎవరూ పట్టుకోకుండానే గొంతు ఆగిపోయింది. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని దగ్గుతూ నిలబడింది. అవుటని అంపైరు చెయ్యెత్తాడు. తర్వాతి రైడులోనూ అంతే. జట్టు ఓడిపోయింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మెర్లిన్ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. జలుబు చేసిందంది. పుష్పకుమారి నమ్మింది.

నమ్మకం ఎక్కువకాలం నిలవలేదు. ఒక సాయంత్రం నెట్లు, బంతులు పెట్టుకునే రేకుల గదిలోకి వెళితే గుప్పున మామిడిపండు వాసన. అది మామిడికాయల కాలం కాదు. గదిలో మెర్లిన్, దాని పక్కన ప్రత్యూష అనే ఇంకో పిల్ల ఉన్నారు. మెర్లిన్ చెయ్యి వెనక్కి పోయింది.

"ఏందిమే అది? చూపీ."

రంగు పెన్ను లాంటిది అరచేతిలో పెట్టింది. ఒక కొసన చిన్న లైటు వెలుగుతోంది.

"వేప్ మేడం."

"వేపేంది? వేపపుల్లా?"

ప్రత్యూష నవ్వు ఆపుకోలేకపోయింది. మెర్లిన్ నవ్వలేదు. "సిగరెట్ లాంటిది మేడం. కానీ సిగరెట్ కాదు. పొగుండదు, ఆవిరే."

దేశంలో అమ్మకూడదని నిషేధించిన వస్తువు, రేకుల గదిలో పదో తరగతి ఆడపిల్లల చేతిలో ఉంది. మెర్లిన్‌కు మొదట ఇచ్చింది నెల్లూరు హాస్టల్లో చదివే వాళ్ల పిన్నమ్మ కూతురు. సరదాగా మొదలైంది. టెస్టులప్పుడు టెన్షన్ తగ్గుతుందనుకుంది. ఇప్పుడు పొద్దున లేవగానే కావాలి. లేకపోతే చేతులు ఊరుకోవు, తల పట్టేసినట్టుంటుంది. ఇదంతా ఆ పిల్ల గోడకు ఆనుకుని, బొటనవేలి గోరు కొరుక్కుంటూ చెప్పింది. చివర్లో, "మానేద్దామని చానాసార్లు అనుకున్నా మేడం. మధ్యాన్నానికే మర్చిపోతా" అంది.

పుష్పకుమారికి కోపం రావాల్సిన చోట భయం వేసింది. హెడ్మాస్టరు ఆనందబాబు గారికి చెబితే ఆయన టీసీ చేతికిస్తారు, ఇంతకుముందు గుట్కా పొట్లంతో దొరికిన పిల్లవాడికి ఇచ్చినట్టే. లిల్లీకి చెబితే? శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఎవరింటి కష్టమైనా పైకి చెప్పి అందరిచేతా ప్రార్థన చేయించడం వాళ్లకు అలవాటు. లిల్లీ ప్రేమతోనే చెబుతుంది. ఆదివారానికల్లా ఊరంతా తెలిసిపోతుంది. సంఘపెద్ద కూతురు.

"ఇది నాకియ్యి. నేను ఎవురికీ చెప్పను. నువ్వు నా కాడ అబద్ధం చెప్పకూడదు, అంతే" అంది పుష్పకుమారి. అలా అన్నందుకు ఆ తర్వాత చాలా రోజులు ఆమెకు అన్నం సయించలేదు.

పెంచలప్రసాద్ నిదానస్తుడు. విషయమంతా విని, "ఆ పిల్లకేమన్నా అయితే తల్లికి ఏం చెప్తావు?" అని ఒక్కటే అడిగాడు. ఆమె వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.

సెలవు పెట్టి నెల్లూరులో ఊపిరితిత్తుల డాక్టరమ్మను కలిసింది. ఆమె ఓపిగ్గానే మాట్లాడింది. అందులో ఉండే నికోటిన్ పిల్లలను తొందరగా పట్టేస్తుందని, మానేసిన కొత్తల్లో చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఒకచోట నిలవలేకపోవడం ఉంటాయని చెప్పింది. తాగాలనే తహతహ వచ్చినప్పుడు కొద్ది నిమిషాలు ఆగితే దానంతటదే దిగిపోతుందట. "ఆ కాసేపు పిల్ల ఒంటరిగా ఉండకుండా చూడండి. తిట్టొద్దు. కానీ ఇంట్లో వాళ్లకు చెప్పకుండా ఎన్నాళ్లో లాగలేరు" అంది. వచ్చేటప్పుడు కరపత్రాలిచ్చింది. 'ధూమపానము శ్వాసకోశ వ్యాధులకు హేతువు' అని ఉంది వాటి మీద. కింద మీసాలాయన బీడీ కాలుస్తున్న బొమ్మ.

మెర్లిన్‌కు ఒకటి ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈయన మా తాత మాదిరుండాడు మేడం. ఇది మాకు కాదు."

పిల్ల మాట నిజమే అనిపించింది. ఆ రోజు నుంచి పుష్పకుమారి ఫోనులో తన గొంతుతోనే చిన్న చిన్న మెసేజీలు పంపడం మొదలుపెట్టింది. గ్రౌండులో ఎట్లా అరుస్తుందో అదే మాట తీరు. "లేసినావా మే? చెయ్యి దిండు కిందికి పోతాందా? ముందు లేచి మీ ఇంటి చుట్టూ ఒక రౌండు కొట్టు." "ట్యూషన్‌లో కూచున్నావు గదా, ఇప్పుడు అడుగుతాది అది. అవతలి టీములో రైడరనుకో. కూత ఎంతసేపు పెడతాదో చూద్దాం, నువ్వు లైను దాటి ముందుకు పోబాక." మెర్లిన్ ఒక్కోసారి నవ్వే బొమ్మ పంపేది. ఒక్కోసారి, ఎక్కడిదో ఇంకోటి సంపాదించి, "తాగినా మేడం, సారీ" అని. అప్పుడు పుష్పకుమారి తిట్టు మింగుకుని, "చెప్పినావు గదా, చాల్లే. మళ్లీ మొదలుపెట్టు" అనేది.

మానడమంటే ఏమిటో ఆమె అప్పుడు దగ్గరగా చూసింది. మెర్లిన్ ప్రాక్టీసులో తోటి పిల్లల మీద విరుచుకుపడేది. ఒకరోజు పట్టు సరిగా పట్టలేదని ప్రత్యూషను నేలకేసి నెట్టింది. క్లాసులో కాళ్లు ఆడించి ఆడించి ముందు బెంచీ వాళ్లతో తిట్లు తినేది. ఇంకోరోజు, "మీకేం పోయింది, తాగేది నేను గదా" అని గ్రౌండు మధ్యలో అరిచి వెళ్లిపోయింది. మళ్లీ ప్రాక్టీసుకు రాలేదు. మెసేజీలు విన్నట్టు కూడా లేదు. పుష్పకుమారి వాళ్ల వీధి వైపు బండి మీద వెళ్లి, తలుపు తట్టడానికి ధైర్యం చాలక ముందుకు పోయి, సందు చివర మళ్లించుకుని వచ్చేది. రెండోసారి ఎదురింటివాళ్లు ఎవరి కోసమని అడిగారు.

తలుపు తట్టాల్సిన పని లేకుండా లిల్లీయే బడికి వచ్చింది. కంపెనీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, తలకు గుడ్డ ఇంకా అలాగే ఉంది, ఐసులో నాని చేతివేళ్లు ముడతలు పడి ఉన్నాయి. కొంగుముడి విప్పి ఇంకో రంగు పెన్ను బయటికి తీసింది. కొత్తది.

"దాని దిండు కింద దొరికింది. అడిగితే, మేడంకి ఎప్పుడో తెలుసు అనింది. నిజమేనా?"

"నిజమే అక్కా."

"నా బిడ్డ సంగతి నాకు తెలీకుండా దాచేదానికి మీరెవురు?"

బడి పేరు, టీసీ, చర్చి, ఊరు, అన్నీ పుష్పకుమారి నాలుక చివరికి వచ్చాయి. ఏదీ ఆ తల్లి ముందు నిలిచే మాట కాదని తెలుస్తూనే ఉంది. "తప్పే అక్కా. మీరు ప్రార్థనలో చెప్తే పిల్ల తలెత్తుకోలేదని భయపడినాను" అంది.

గ్రౌండులో పిల్లలు ఆటాపి ఇటే చూస్తున్నారు.

"చెప్పేదాన్నే" అంది లిల్లీ. "అందరి కష్టం చెప్పుకుంటాం గదా, మాది మాత్రం ఎందుకు దాచాలి అని చెప్పేదాన్నే. ఇప్పుడు చెప్పను. ఆయనకి మాత్రం చెప్పాల. లారీ తిరిగొచ్చినాక నేనే చెప్తా. కొడతాడేమో, నేను అడ్డముంటా." పెన్ను మళ్లీ కొంగులో ముడేసుకుంది. "మీరు దానికి ఏం చెప్తుండారో నాకూ చెప్పండి. ఇద్దరం చెరొక మాట చెప్తే అది మధ్యలోంచి జారిపోతాది."

జకరయ్య కొట్టలేదు. రెండు రోజులు కూతురితో మాట్లాడలేదు, అది మెర్లిన్‌కు దెబ్బలకంటే కష్టమైంది. మూడో రోజు ఆయనే పిల్లను స్కూటర్ మీద గ్రౌండు దగ్గర దింపి, పుష్పకుమారికి దండం పెట్టి, ఏమీ అడగకుండా వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం నుంచి లిల్లీ షిఫ్టు అయ్యాక గ్రౌండు అంచున కూర్చోవడం మొదలుపెట్టింది. మెర్లిన్ చేతులు నులుముకుంటూ అటూ ఇటూ తిరుగుతుంటే పిలిచి వేయించిన శనక్కాయలు పెట్టేది. ఏదో ఒకటి నోట్లో ఆడుతుండాలని ఆమె లెక్క.

ఇక్కడితో అంతా సర్దుకుందనుకుంటే అది అబద్ధం. క్రిస్మస్ ముందు క్యారల్స్‌కు తిరిగే రోజుల్లో మెర్లిన్ మళ్లీ తాగింది. ఈసారి తల్లికి తానే చెప్పింది. ప్రత్యూష కూడా తాగుతోందని, ఇంకా ఇద్దరు కూడా ఉన్నారని అప్పుడే బయటపడింది. రేకుల గదిలో ప్రత్యూష పక్కనే ఉన్నా, తాగేది మెర్లిన్ ఒక్కతే అనుకుని నెలల తరబడి మిగతా పిల్లల మొహాలు చూడనే లేదని పుష్పకుమారి తనను తాను తిట్టుకుంది. ఈసారి దాచలేదు. ఆనందబాబు గారి గదికి వెళ్లి, టీసీలివ్వకుండా ఉంటేనే పేర్లు చెబుతానంది. ఆయన బల్ల మీద పెన్ను కొట్టాడు. పరీక్షల దాకా చూస్తానన్నాడు. మాటయితే నిలబెట్టుకున్నాడు కానీ, ఆమెను చూసినప్పుడల్లా ఏదో పోగొట్టుకున్నవాడిలా మొహం పెట్టేవాడు.

మెసేజీలు ఇప్పుడు నలుగురికి. కొన్ని మెర్లిన్ తన గొంతుతో పంపేది. పుష్పకుమారి అనలేని మాటలు ఆ పిల్ల అనేది. "ఒసే ప్రత్యూషా, ఈరోజు నాకు మా అమ్మ మొహం చూసినా చిరాగ్గా ఉంది, నీకు?" అని ఒకటి. దానికి ప్రత్యూష, "నాకు నీ మొహం చూస్తే" అని తిరిగి పంపింది. ఆ ఏడు జిల్లా జట్టులో మెర్లిన్ లేదు. ఊపిరి కొంత తిరిగొచ్చింది. మునుపటంత వస్తుందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు.

జూన్‌లో మెర్లిన్ నెల్లూరులో ఇంటర్‌లో చేరింది. హాస్టల్ వద్దని లిల్లీ పట్టుబట్టడంతో రోజూ బస్సులోనే. వానాకాలం మొదలయ్యాక ఒక సాయంత్రం పుష్పకుమారి పొయ్యి మీద చేపల పులుసు పెట్టి ఉండగా ఫోన్ మోగింది.

"మేడం, బస్టాండులో ఉండా. మా పిన్నమ్మ కూతురు వచ్చి ఇచ్చింది. చేతిలోనే ఉండాది."

"నోట్లో పెట్టినావా?"

"లేదు."

"దానికి తిరిగిచ్చెయ్. ఇచ్చి నాతో మాట్లాడతా ఉండు. ఈరోజు ఏం చదివినారు?"

పిల్ల ఏదో చెప్పింది. బాటనీ మేడం చీర గురించి, కాలేజీ క్యాంటీన్లో ఉప్పెక్కువైన సాంబారు గురించి, కబడ్డీ జట్టు ఉందో లేదో అడగడానికి సిగ్గేసిన సంగతి గురించి. పుష్పకుమారి వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూ ఊకొట్టింది. మాటల మధ్య ఒకచోట మెర్లిన్, "ఇచ్చేసినా మేడం" అంది. కాసేపటికి, "ముత్తుకూరు బస్సొచ్చింది మేడం, ఎక్కుతుండా" అని పెట్టేసింది.

లోపలికి వస్తే పెంచలప్రసాద్ పొయ్యి ఆర్పి, గరిటెతో అడుగు గీకుతున్నాడు.

"మెర్లినా?" అన్నాడు.

"ఆ."

"తాగిందా?"

"ఈ పూటకి లేదు" అంది పుష్పకుమారి. బస్సు ఊరు చేరే వేళకు ఇంకోసారి చేయాలని ఫోను చేతిలోనే పట్టుకుంది.