దారం రుచి

వీధి చివరి బ్యూటీ పార్లర్‌లో కనుబొమలు తీర్చే ఆవిడను అందరూ దారమక్క అంటారు. దారం ఒక కొస పళ్లతో పట్టుకుని, కుర్చీలో కూర్చున్నవాళ్ల మొహం మీదికి వంగి పనిచేస్తుంది. ఇంట్లో ఒక్కతే. నాలుగు మాటలు మాట్లాడాలంటే పార్లర్‌కు రావాల్సిందే.

కొన్నాళ్లుగా ఆమె నోట్లో ఏదో పాడు రుచి. నేరం దారం మీదికి తోసి, అమ్మినవాణ్ణి కడిగిపారేసింది. కొత్త దారానిదీ అదే రుచి. వచ్చినవాళ్లు ఊపిరి బిగబట్టి కళ్లు మూసుకుంటే నొప్పి అనుకుని, "అయిపోయిందమ్మా, ఇంకొక్క వెంట్రుక" అని బుజ్జగించేది. వాళ్లు కబుర్లు మానేశారు. మనుషులకు ఒళ్లు పొగరెక్కిందని లోపల్లోపలే తిట్టుకుంది.

దవడ వాచాక పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లక తప్పలేదు.

"జ్ఞానదంతం సగమే బయటికొచ్చింది. మిగతా సగాన్ని చిగుళ్ల కండ మూతలా కప్పేసింది. దాని కింద తిండి ఇరుక్కుని, కుళ్లి, చీము పట్టింది. ఆ రుచీ వాసనా అక్కణ్ణుంచే. ఇంట్లో ఎవరూ చెప్పలేదామ్మా?"

దారమక్క నోరు తెరిచే ఉంది కాబట్టి జవాబు చెప్పే బాధ తప్పింది.

ఇన్నాళ్లకు ఒక మనిషి తన మొహానికి ఇంత దగ్గరగా వచ్చి, తల తిప్పుకోకుండా మాట్లాడుతోంది. ఆ కళ్లను తృప్తిగా చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి గానీ కళ్ల కిందికి చూపు దిగలేదు. డాక్టరమ్మ మాస్కు మీద ఇంకో మాస్కు పెట్టుకుంది.