మూల విరిగిన పటిక

బడిలో అందరూ ఆవిడను పటిక టీచరనేవారు. రసాయనశాస్త్రం చెప్పే ఆవిడ దగ్గర ఎప్పుడూ ఏదో ఒక గాజు సీసాలో, పటిక బాగా కరిగించిన నీళ్లలో దారానికి వేలాడుతూ పటిక స్ఫటికం పెరుగుతుండేది. పెళ్లి ఊసెత్తితే "నా సంసారం సీసాలో ఉంది" అని నవ్వేసేది. ఇంట్లో ఉన్నది చెల్లెలొక్కతే. తల్లి పోయాక ఆ పిల్లను కళ్లలో పెట్టుకుని పెంచింది.

పెద్దయ్యాక చెల్లెలు బట్టలు కుట్టేది. ఆమె తలలో గడ్డ లేచింది. ముందు చూపు పోయింది. ఇంట్లో గోడలు తడుముకుంటూ, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చునేది.

ఒక సాయంత్రం టీచరు సీసాను ఇంటికే తెచ్చేసింది. ముందు చెల్లెలి చేతిలో ఒక ఉప్పుగల్లు, తర్వాత తడి తుడిచిన పటిక పెట్టింది.

"ఇది చిన్న పెట్టెలా ఉంది. ఇదేమో రెండు గుడారాలు అడుగులు కలిపి అతికించినట్టుంది. ఎవరు చెక్కారక్కా?"

"ఎవరూ చెక్కలేదే. ఉప్పులో కంటికి కనపడని రేణువులు రెండు రకాలు. నిలువునా అడ్డంగా, ఒకటి విడిచి ఒకటి బుద్ధిగా కూర్చుంటాయి. ఆ వరుసే పెరిగి పెరిగి పెట్టెవుతుంది. పటికలో వరుస వేరు, అందుకే రూపమూ వేరు."

"కరిగించినా మళ్లీ అదే రూపమా?"

"అదే."

"అచ్చం నీలాగే మొండివి!"

చాన్నాళ్లకు ఆ ఇంట్లో నవ్వు వినిపించింది. అప్పట్నుంచి సీసాకు కాపలా చెల్లెలిదే. ఒకరోజు చెయ్యి తగిలి స్ఫటికం సీసా అంచుకు కొట్టుకుంది. మూల విరిగింది.

"పాడుచేశానక్కా."

"ఏడవకు. నీళ్లలోనే ఉండనీ. లోపలి వరుస చెదరలేదుగా, అదే పూడ్చుకుంటుంది."

కొన్నాళ్లకు చెల్లెలు వేలితో తడిమి చూసింది. మూల మళ్లీ పదునుగా తగిలింది.

"వచ్చేసిందక్కా! మరి నాకూ..." అని ఆగిపోయింది.

"అన్నం చల్లారిపోతోంది, లే" అంది టీచరు.

ఎండలు ముదిరాక ఆపరేషన్ చేశారు. చెల్లెలు మళ్లీ ఇంటికి రాలేదు.

అన్నీ అయ్యాక టీచరు తలుపు తీసేసరికి మూసిన గది కొలిమిలా ఉంది. వేడికి పటిక నీళ్లలో కరిగిపోయి ఉత్త దారం మిగిలింది. ఆవిడ నీళ్లు పారబోసి, సీసా తోమి బోర్లించింది. అప్పుడేడ్చింది, పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చేలా.

మర్నాడే బడికి వెళ్తే పెద్ద టీచరు చెయ్యి పట్టుకుంది. "ఇంకొన్నాళ్లు ఇంట్లో ఉండకపోయావా తల్లీ?"

"ఇంట్లో ఎవరున్నారమ్మా?" అంటూ సుద్దముక్క అందుకుని, పటిక టీచరు క్లాసులోకి నడిచింది.